అంధుల అక్షర ప్రదాత లూయీ బ్రెయిలీ
(జనవరి 4 లూయీ బ్రెయిలీ జయంతి)

అంధులు స్వయంగా చదవడానికి, రాయడానికి లిపిని అందించిన లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్స్‌లోని కూవ్రే గ్రామంలో జన్మించారు. తండ్రి గుర్రపు జీనులు తయారుచేసేవారు. మూడేళ్ల ప్రాయంలో ఆ పనిశాలలోని వాడియైన పనిముట్టు తగిలి బ్రెయిలీ కంటికి గాయమైంది. అది రెండో కంటికీ సోకి, ఐదేళ్ల వయసుకే చూపు పూర్తిగా పోయింది.

1819లో ఆయన పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరారు. అక్కడి పుస్తకాలలో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. వాటిని తడిమి చదవడం కష్టంగా ఉండేది. షార్ల్ బార్బియే రూపొందించిన పన్నెండు చుక్కల పద్ధతిని బ్రెయిలీ పరిశీలించి, వేలికొన కింద ఇమిడేలా ఆరు చుక్కలకు కుదించారు. 1824లో, పదిహేనేళ్ల వయసులో సాధించిన ఈ లిపిని 1829లో ప్రచురించారు. అదే పాఠశాలలో ఉపాధ్యాయునిగా సేవలందించిన ఆయన 1852 జనవరి 6న క్షయవ్యాధితో మరణించారు. ఆ తరువాత రెండేళ్లకు, 1854లో, ఫ్రాన్స్ ఆయన లిపిని అధికారికంగా స్వీకరించింది.

1951లో రూపొందిన భారతి బ్రెయిలీతో తెలుగు సహా భారతీయ భాషలకు ఈ లిపి ఉమ్మడిగా సమకూరింది. 2004లో హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రంపై బ్రెయిలీ అంకెలను ప్రయోగాత్మకంగా అమర్చింది. 2009 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటా అమలు చేయడంతో పత్తి, మిరప పండించే గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలకూ ఆ చుక్కలు చేరాయి. అంధ ఓటరు బ్రెయిలీ నమూనా బ్యాలెట్‌పై అభ్యర్థి వరుస సంఖ్య తెలుసుకుని, యంత్రంపై అదే అంకెను తడిమి మీట నొక్కవచ్చు. సహాయకుని వెంట తీసుకువెళ్లే వెసులుబాటు ఉన్నప్పటికీ, బ్రెయిలీ తెలిసినవారు తమ ఓటును మరొకరికి తెలియకుండా వేయగలరు. ఆ లిపి నేర్వని అంధులకు మాత్రం ఈ చుక్కలు అక్కరకు రావు. రహస్య ఓటు అందరికీ దక్కాలంటే యంత్రంతోపాటు బ్రెయిలీ చదువు కూడా పల్లెకు చేరవలసి ఉంది.