లారెన్సు వెదికిన ఊరు

1922 సెప్టెంబరు 11వ తేదీన, సరిగ్గా తన 37వ పుట్టినరోజునాడు, ఆంగ్ల రచయిత డి. హెచ్. లారెన్సు భార్య ఫ్రీడాతో కలిసి అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో టావోస్ అనే పల్లెకు చేరుకున్నాడు. స్వదేశమైన ఇంగ్లండును విడిచి అప్పటికి మూడేండ్లు కావస్తున్నది. ఇటలీ, సింహళం, ఆస్ట్రేలియా దాటి వచ్చినా ఆయన కాలు ఎక్కడా నిలువలేదు. ఇక్కడనైనా నిలుస్తుందేమోనన్న ఆశతోనే ఆయన ఆ ఎడారి పల్లెలో అడుగుపెట్టాడు.

ఎడారి అనగానే మన మనస్సుకు ఇసుకతిన్నెలు తోస్తాయి. టావోసు ఎడారి అటువంటిది కాదు. దాదాపు 7,000 అడుగుల ఎత్తున, బూడిదవన్నె పొదలతో నిండిన పీఠభూమి అది. ఒక వంక మంచుకొండలు; మరొక వంక రియో గ్రాండే నది కోసుకొనిపోయిన లోతైన లోయ. వాన స్వల్పం; చలికాలంలో మంచు మాత్రం దండిగా కురుస్తుంది. ప్యూబ్లో జాతి ఇండియనులు మట్టితో అంతస్తులుగా కట్టుకొన్న ఇండ్లు అక్కడ వందల ఏండ్లుగా నిలిచి ఉన్నాయి. 1898లో బండిచక్రం విరిగి ఆ దారిలో ఆగిపోయిన ఇద్దరు చిత్రకారులు ఆ వెలుగుకు ముగ్ధులయ్యారు. వారి వెనుక మరికొందరు వచ్చారు. 1915లో టావోసు చిత్రకారుల సంఘమే ఏర్పడింది.

ఆ పల్లెకు లారెన్సును పిలిచినది మేబెల్ డాడ్జ్ అనే ధనవంతురాలు. న్యూయార్కులో తన యింట కవులను, చిత్రకారులను, విప్లవవాదులను చేర్చి గోష్ఠులు నడపిన ఆమె 1917లో టావోసు వచ్చి అక్కడనే స్థిరపడింది. ప్యూబ్లో ఇండియను అయిన టోనీ లూహాన్ తో సహజీవనం చేస్తూ, 1923లో ఆయనను వివాహమాడింది. లారెన్సు యాత్రాగ్రంథమొకటి చదివి, ఈ నేలకు, ఈ జనానికి వాక్కు ఇవ్వగలవాడు ఇతడేనని నమ్మి ఆమె ఉత్తరం వ్రాసింది.

లారెన్సు ఆ పిలుపును అందుకొనడానికి కారణం లేకపోలేదు. నాటింగ్‌హామ్ ప్రాంతంలో బొగ్గుగని కార్మికుని బిడ్డగా 1885లో పుట్టిన ఆయన, ఆచార్యుని భార్య, ముగ్గురు బిడ్డల తల్లి అయిన ఫ్రీడాతో 1912లో దేశం దాటాడు. 1915లో ఆయన నవల రెయిన్‌బోను అశ్లీలమని న్యాయస్థానం నిషేధించింది. ఫ్రీడా జర్మను స్త్రీ అయినందున యుద్ధకాలంలో ఆ దంపతులపై గూఢచారులన్న అనుమానం పడింది. 1917లో కార్న్‌వాల్ తీరం నుండి వారిని వెళ్లగొట్టారు. ఆ చీకటిరోజులలోనే లారెన్సు ఒక కల కన్నాడు. ఇరవైమంది ఆప్తులతో లోకానికి దూరంగా ఒక చోట చేరి, డబ్బు చింత లేక, కలిసి పనిచేసుకుంటూ బ్రతకాలని ఆ కల. దానికి రాననిమ్ అని పేరు కూడ పెట్టుకున్నాడు. తరువాతి జీవితమంతా ఆయన ఆ ఊరినే వెదికాడనవచ్చు.

వచ్చిన కొద్దిరోజులకే మేబెల్ ఆయనను టోనీతో కూడ అపాచీ ఇండియనుల ఉత్సవానికి పంపింది. రాత్రి నెగళ్ల చుట్టూ మ్రోగిన ఆ డోళ్లు, ఆ పాటలు లారెన్సును కదిలించాయి. అయితే తాను ఆ నెగడు అంచున చీకటిలో నిలబడిన పరాయివాడినేనన్న ఎరుక కూడ ఆ రాత్రే కలిగింది. ప్యూబ్లో ఇండియనుల భూములకు ముప్పు తెచ్చిన బర్సమ్ బిల్లు అప్పుడు అమెరికా శాసనసభలో ఉన్నది. టావోసు రచయితలు, చిత్రకారులు దానిని ఎదిరించినప్పుడు లారెన్సు కూడ వ్యాసం వ్రాశాడు. 1923లో ఆ బిల్లు వీగిపోయింది.

కాని మేబెల్ ఇల్లు ఆయన కలగన్న ఊరు కాలేదు. అక్కడ అందరూ అతిథులే. ఇంటి యజమానురాలు ఒక్కతెయే. ఆమె జీవితకథను నవలగా వ్రాయడానికి లారెన్సు పూనుకొనగా ఫ్రీడా అడ్డుపడింది; పని మొదటనే ఆగింది. ఒకరి దయపై బ్రతికే గోష్ఠిలో తనకు ఊపిరాడదని ఆయన గ్రహించాడు.

డిసెంబరు ఆరంభంలో దంపతులు టావోసుకు 17 మైళ్ల దూరాన, కొండవాలున ఉన్న డెల్ మాంటి అనే పశువుల క్షేత్రానికి తరలిపోయారు. వెంట ఇద్దరు పేద డేనిష్ చిత్రకారులు వచ్చారు: క్నూద్ మెరిల్డ్, కాయ్ గోట్షె. ఒక పాత ఫోర్డు కారు తప్ప వారికి చెప్పుకోదగిన ఆస్తి లేదు. దుంగలతో కట్టిన ఒక ఇంట దంపతులు, పక్క యింట చిత్రకారులు దిగారు. మొదటి పని ఇంటి కప్పులు బాగుచేయడం. ఆ తరువాత పెద్ద చెట్టొకటి నరికి, రంపంతో కోసి, ఆ శీతకాలానికి వంటచెరకు చేసుకున్నారు. లారెన్సు గొడ్డలి పట్టాడు, రొట్టెలు కాల్చాడు, గుర్రపుస్వారీ నేర్చాడు. రాత్రులు నలుగురూ పొయ్యిముందు చేరి పాటలు పాడుకునేవారు. క్రిస్మసుకు న్యూయార్కు నుండి ప్రకాశకుడు సెల్ట్‌జర్ వచ్చాడు. మిత్రుల పేదరికం చూచి, తన పుస్తకాలకు అట్టబొమ్మలు వారిచేత వేయించమని లారెన్సు ఆయనకు సిఫారసు చేశాడు. అమెరికన్ సాహిత్యంపై తన ప్రసిద్ధ విమర్శగ్రంథాన్ని ఆయన తిరగవ్రాసినది ఆ మంచులోనే.

ఆ నాలుగు నెలలూ మచ్చలేనివని చెప్పరాదు. లారెన్సుకు ప్రాణమైన నల్లని చిన్న కుక్క ఒకటి ఉండేది. అది మాట వినక మరొక కుక్కవెంట పోయిందన్న ఆగ్రహంతో ఒకనాడు దానిని నిర్దయగా తన్నాడు. మెరిల్డ్ ఆ మూగప్రాణికి అండగా నిలిచాడు. ఇద్దరి నడుమ చేయిచేయి కలవడం తృటిలో తప్పింది. ప్రేమ స్వేచ్ఛగా ఉండాలని లోకానికి చెప్పిన మనిషి, ఒక కుక్కపిల్ల స్వేచ్ఛను సహించలేకపోయాడు. 1938లో ప్రకటించిన తన జ్ఞాపకాలలో మెరిల్డ్ ఈ సంగతిని దాచలేదు. అయినా ఆ గ్రంథమంతటా లారెన్సుపై గౌరవమే కనిపిస్తుంది. మనిషిని దగ్గరగా చూచి, లోపం కనిపెట్టి, అయినా విడువకపోవడమే స్నేహమైతే, లారెన్సు వెదికినది ఆ పక్క యింటనే దొరికినదనాలి.

1923 మార్చిలో ఆయన మెక్సికోకు బయలుదేరాడు. ఆ చిన్న ఊరు చెదిరిపోయింది. ఆ శరదృతువులో లాస్ ఏంజెలెసులో ఉన్న ఆ మిత్రులను తానే వెదుక్కుంటూ వెళ్లి, గోట్షెతో మెక్సికో పడమటి తీరం తిరిగాడు. తరువాత లండనులో మిత్రులను విందుకు పిలిచి, తనతో న్యూ మెక్సికోకు రమ్మని అర్థించాడు. వస్తామన్నవారు ఉన్నారు, వచ్చినది చెవిటిదైన చిత్రకారిణి డొరొతీ బ్రెట్ ఒక్కతె. 1924లో మేబెల్ 160 ఎకరాల కొండక్షేత్రాన్ని ఫ్రీడాకు ఇచ్చింది; ప్రతిగా ఫ్రీడా సన్స్ అండ్ లవర్స్ వ్రాతప్రతిని ఇచ్చింది. లారెన్సు జీవితంలో సొంతమనదగిన నేల అదొక్కటే. మరుసటి ఏడు మెక్సికోలో క్షయ బయటపడింది. కొండకు తిరిగివచ్చి, ఆవును పాలు పితుకుతూ, కాలువ త్రవ్వుతూ కొంత కోలుకున్నాడు. 1925 సెప్టెంబరులో వెళ్లినవాడు మరల రాలేదు. 1930 మార్చి 2న ఫ్రాన్సులోని వాన్స్‌లో 44 ఏండ్లకే కన్నుమూశాడు.

1935లో ఫ్రీడా ఆయన చితాభస్మాన్ని ఆ కొండకు తెప్పించింది. దానిని ఏమి చేయాలన్న దానిపై మేబెలుకు, బ్రెట్‌కు, ఫ్రీడాకు తగవు వచ్చింది; ఎవరూ ఎత్తుకుపోకుండా ఫ్రీడా దానిని సిమెంటులో కలిపించి చిన్న మందిరంలో ఉంచిందని ప్రతీతి. 1956లో ఆమె సమాధి కూడ దాని ముందే వెలసింది. బ్రతికుండగా ఆయన పిలిస్తే ఒక్కతె వచ్చింది. పోయిన తరువాత గుప్పెడు బూడిదకు ముగ్గురు పోటీపడ్డారు. ఇరవైమంది ఊరు ఎన్నడూ కట్టబడలేదు. చెట్టు నరికి పొయ్యి వెలిగించుకున్న ఆ నలుగురి శీతకాలం మాత్రం, ఆ కలలో నిజమైన భాగంగా మిగిలింది.