మెదడు మర్మమెరిగిన కహాల్

రెండుమార్లు చదివినను పాఠము నోటికి రానిచో తమకు బుద్ధి తక్కువయని కొందరు విద్యార్థులు నిరుత్సాహపడుచుందురు. కొందరు తల్లిదండ్రులును అట్లే తలంతురు. ఇంటిలో ఒక భాష, వీధిలో వేరొక భాష వినుచు పెరుగు మన పిల్లల విషయమున ఈ శంక మరింత తరచుగా మా చెవిని పడుచుండును. అట్టివారికి శాంతియాగో రామోన్ ఇ కహాల్ జీవితమును తెలుపదలచితిమి. చదువురాని అల్లరివాడని చిన్నతనమున పేరుపడి, పిదప మెదడు నిర్మాణమును లోకమునకు తెలిపిన మహాశాస్త్రజ్ఞుడు ఈయనయే.

కహాల్ 1852వ సంవత్సరము మే 1వ తేదీన స్పెయిన్ దేశమునందలి పెతియా గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నవార్రాకు చెందినది. కాని దాని చుట్టును ఉన్నది ఆరగాన్ ప్రాంతము. ఆంధ్రదేశము నడుమనుండియు పుదుచ్చేరికి చెందిన యానామును ఎరిగిన మన పాఠకులకు ఈ విషయము వింతగా తోచదు. తండ్రి హుస్తో రామోన్ వైద్యుడు. కష్టించి చదువుకొని పైకి వచ్చినవాడు. ఆయన కుమారునకు ఫ్రెంచి భాషను ఒక గొర్రెలకాపరుల గుహలో కూర్చుండబెట్టి నేర్పెను.

బాలునకు బొమ్మలు వ్రాయుటయందు ఎనలేని మక్కువ. తండ్రికి అది గిట్టలేదు. హాకా పట్టణమునందలి పాఠశాలలో లాటిన్ పాఠములను వల్లించుటయే చదువు. తప్పినవారికి బెత్తపు దెబ్బలు, పస్తులు. అర్థము తెలియని మాటలను మోయు ధారణ ఈ బాలునకు లేదు. చదువు సాగకపోగా, తండ్రి అతనిని కొంతకాలము క్షురకుని దుకాణమునందును, తరువాత పాదరక్షలు కుట్టు పనివానియొద్దను చేర్చెను.

1868వ సంవత్సరపు వేసవిలో ఈ కథ మలుపు తిరిగెను. తండ్రి కుమారుని పాత శ్మశానమునకు తీసికొనిపోయి, ఎముకలను ఏరి తెచ్చి, వాటిని చూపుచు శరీరశాస్త్రమును బోధించెను. పుస్తకమును చూచిన బెదరిపోవు బాలుడు ఎముకను చేతబట్టి, కన్నులార చూచి, బొమ్మ వ్రాసి, దాని పేరును ఎన్నటికిని మరువకుండెను. దోషమని తలచిన చిత్రకళయే చదువునకు ద్వారమాయెను.

1873లో సరగోసాలో వైద్యపట్టము పొంది, కహాల్ సైనిక వైద్యుడుగా క్యూబాకు వెడలెను. అచట మలేరియాచే క్రుంగి 1875లో స్వదేశము చేరెను. 1877లో తన సొంత ధనముతో సూక్ష్మదర్శినిని కొనెను. ఇంటియందే చిన్న ప్రయోగశాల వెలసెను. పెద్ద సంసారమును కొలది రాబడితో పొదుపుగా నడిపి, పరిశోధనకు లోటు రానీయని ఘనత ఆయన భార్య సిల్వేరియాది.

ఆ కాలమున మెదడంతయు తెగక అల్లుకొనియున్న ఒకే వలయని పలువురు శాస్త్రజ్ఞుల నమ్మకము. ఇటలీ దేశీయుడైన కమిల్లో గాల్జీ 1873లో సిల్వర్ నైట్రేటుతో నాడీకణములకు నల్లని రంగు పట్టించు పద్ధతిని కనుగొనెను. వేలాది కణములలో ఏ కొన్నియో మాత్రమే రంగు పట్టుటచే ఒక్కొక్కటి విడిగా కానవచ్చును. 1887లో మాడ్రిడ్‌లో అట్టి పలకను చూచిన కహాల్ ఆ పద్ధతిని మెరుగుపరచి, కొవ్వుపొర ఇంకను ఏర్పడని లేత మెదళ్లపై ప్రయోగించెను. 1888లో బార్సిలోనా నుండి తన పరిశోధనలను ప్రకటించెను. ప్రతి నాడీకణము వేరువేరు ఘటకమనియు, కణములు ఒకదానినొకటి సమీపించి వార్తలనందించునే కాని కలిసిపోవనియు ఆయన నిరూపణము.

అయితే ఆ వ్యాసములు స్పానిష్ భాషలోనుండెను. ఇతర దేశముల పండితులలో ఆ భాష తెలిసినవారు బహు స్వల్పము. కహాల్ తన భాషను విడువలేదు. ఇతర భాషలను ద్వేషింపనులేదు. 1889లో తన పలకలను మోసికొని బెర్లిన్ వెడలి, వచ్చీరాని ఫ్రెంచిలో మాటలాడుచు, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కరికి చూపెను. జర్మన్ పండితులలో పెద్దయైన కొల్లికర్ చూచి ఒప్పుకొనెను. తరువాత 1899 నుండి 1904 వరకు వెలువడిన తన మహాగ్రంథమును కహాల్ స్పానిష్ భాషలోనే రచించెను.

1894లో లండను రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసమున ఆయన మరియొక భావమును ప్రకటించెను. మానసిక వ్యాయామముచే నాడీకణముల శాఖలును, వాటి సంబంధములును వృద్ధియగునని దాని సారము. కణసంధులు వాడుకచే చాలకాలము బలపడియుండుటను 1973లో బ్లిస్, లోమో అను శాస్త్రజ్ఞులు కుందేళ్ల మెదడులో చూపిరి. 1906లో నోబెల్ బహుమానము గాల్జీకిని కహాల్‌కును కలిపి లభించెను. గాల్జీ అప్పటికిని వల సిద్ధాంతమునే సమర్థించెను. 1950వ దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కణముల నడుమ సందును చూపి సందేహమును తీర్చెను. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కీర్తిశేషుడాయెను.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. వాటి నడుమ సంబంధములు వాడిన కొలది బలపడును. కావున పాఠమును పదేపదే చూచుటకంటె పుస్తకమును మూసి జ్ఞాపకము చేసికొనుట మేలు. కహాల్ తాను చూచిన కణమును జ్ఞాపకమునుండి వ్రాసి, మరల పలకతో సరిచూచుచుండెడివాడు. ఒకే రాత్రి పది మార్లు చదువుటకంటె దినముల ఎడముతో నాలుగు మార్లు చదువుట ఫలకారి. నేర్చినది నిలుచుటకు నిద్రయు అవసరము. మగ్గముపైన, కుట్టుమిషనుపైన కుదురు చేతిపనియు మెదడు నేర్చినదే. దానిని చదువుకంటె తక్కువగా చూడరాదు.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది ఒక్కటి. సాయంకాలము పిల్లవానిని ఎన్ని మార్కులని అడుగుటకు ముందు, ఆ దినము నేర్చినదానిని ఇంటిభాషలో తన మాటలతో చెప్పుమని అడుగుడు. చెప్పలేనిచో కసరక, వస్తువును చేతికిచ్చి చూపుడు, బొమ్మ వ్రాయనిండు. దెబ్బలతో రాని విద్య హుస్తో రామోన్ ఇంట ఒక ఎముకతో వచ్చినది.