మాంసమే తిన్న కుక్క రక్తంలో చక్కెర..! గుట్టు విప్పిన క్లాడ్ బెర్నార్డ్ కథ ఇదీ

స్వీట్లు ముట్టకపోయినా, అన్నం మానేసినా ఒంట్లో షుగర్ సున్నాకి పడిపోదు. ఎందుకో తెలుసా..? ఈ గుట్టు విప్పింది క్లాడ్ బెర్నార్డ్.

1813లో ఫ్రాన్స్‌లోని సెయింట్ జూలియన్ అనే పల్లెలో, ద్రాక్షతోటలే ఆధారమైన కుటుంబంలో పుట్టారు. లియాన్‌లో మందుల షాపులో పనిచేస్తూనే నాటకాలు రాశారు. ఓ నాటకం పట్టుకుని పారిస్ వెళ్తే, అక్కడి విమర్శకుడొకరు వైద్యం చదువుకోమని సలహా ఇచ్చారు. అదే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

చక్కెరను మొక్కలే తయారు చేస్తాయి, జంతువులు ఖర్చు చేయడమే అని అప్పటి నమ్మకం. 1848లో బెర్నార్డ్ కుక్కకి మాంసం మాత్రమే పెట్టి చూశారు. అయినా లివర్ నుంచి బయటకొచ్చే రక్తంలో చక్కెర కనిపించింది! 1855లో చక్కెర జాడ లేకుండా లివర్‌ని నీళ్లతో కడిగేశారు. మర్నాటికి మళ్లీ చక్కెర..! 1857లో అందులో నిల్వ ఉండే గ్లైకోజెన్‌ని వేరు చేసి చూపించారు.

ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాల్లోని నైట్రోజన్‌ని లివర్ యూరియాగా మార్చేస్తుందని, మిగిలిన కార్బన్‌తో గ్లూకోజ్ చేస్తుందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. గ్లూకోజ్ నుంచి కొన్ని అమైనో ఆమ్లాలూ తయారవుతాయి.

పేరొచ్చినా ఇంట్లో మాత్రం మనశ్శాంతి లేదు. బతికున్న జంతువుల్ని కోసే ప్రయోగాలను భార్య సహించలేకపోయారు. చివరికి ఇద్దరూ విడిపోయారు. 1878 ఫిబ్రవరి 10న బెర్నార్డ్ కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఫ్రాన్స్‌లో ఓ శాస్త్రవేత్తకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.