హైన్రిష్ హెర్ట్జ్: రాగి వలయంలో చిక్కిన తరంగం

రేడియో పెట్టె మీద కిలోహెర్ట్జ్, మెగాహెర్ట్జ్ అను అంకెలను నిత్యం చూచేవారిలో అనేకులకు హెర్ట్జ్ ఒక కొలత పేరుగానే పరిచయం. అది ముప్పది ఆరేండ్లు మాత్రమే జీవించిన ఒక శాస్త్రజ్ఞుని పేరు. నెల్లూరు లెక్కన పదిహేను అంకణాల ఇంటిస్థలంలో, మేడమీద రాగి గొట్టాన్ని గుండ్రంగా వంచి దూరదేశాల షార్ట్‌వేవ్ ప్రసారాలను అందుకొనజూచే ఔత్సాహికులకు ఆయనే ఆదిగురువు. విజ్ఞానశాస్త్రం మా బోధనాంశం కాకపోయినను, ఆ జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయ సాహసిస్తున్నాము.

హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గు నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది, యూదు వంశీకుడైనను బాల్యంలోనే క్రైస్తవం స్వీకరించినవాడు. బాలుడైన హెర్ట్జ్‌కు రెండు వ్యసనాలు ఉండేవి: వడ్రంగి పనిముట్లు, భాషలు. గ్రీకుతో తృప్తి చెందక అరబీ కూడ అభ్యసించాడు. విజ్ఞానశాస్త్రం చదివేవారికి భాషలతో పనియేమి అని మమ్ము అడిగే విద్యార్థులు ఈ సంగతి గమనింతురు గాక! మొదట ఇంజనీరు కావలెనని బయలుదేరి, మ్యూనిక్‌లో మనసు మార్చుకొని, తండ్రి అనుమతితో భౌతికశాస్త్రం వైపు మళ్ళాడు. బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ శిష్యుడై 1880లో డాక్టరేటు పొందాడు.

కాంతి కూడ విద్యుదయస్కాంత తరంగమేనని మాక్స్‌వెల్ గణితంతో చెప్పియున్నాడు గాని, అట్టి తరంగాన్ని విద్యుత్తుతో పుట్టించి చూపినవారు లేరు. ఆ సిద్ధాంతానికి సంబంధించిన పరీక్షకు 1879లో బెర్లిన్ అకాడమీ బహుమతి ప్రకటించగా, గురువు ప్రోత్సహించినను శిష్యుడు పూనుకొనలేదు. తన వద్ద ఉన్న సాధనాలు చాలవని గ్రహించాడు. ఆ ఊహ మాత్రం ఆయనను వీడలేదు. 1885లో కార్ల్‌స్రూహె సాంకేతిక విద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. మరుసటి ఏడు ఎలిజబెత్ డోల్‌తో వివాహం జరిగింది. ఆ సంవత్సరమే పరిశోధన ఆరంభమైంది.

ఆయన ప్రయోగశాల ఒక ఉపన్యాస మందిరం. పొడవు సుమారు 15 మీటర్లు. ఒకవైపు 40 సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు రెండు. వాటిని కలిపే తీగ నడుమ చిన్న ఖాళీ. ఇండక్షన్ కాయిల్ వలన ఆ ఖాళీలో నిప్పురవ్వ. ఎదుటి గోడకు 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు గల జింకు రేకు. ఇక తరంగాన్ని పట్టే సాధనం ఏది? 70 సెంటీమీటర్ల అడ్డుకొలత గల రాగితీగ వలయం మాత్రమే! దాని చివరల మధ్య వెంట్రుకవాసి ఎడం. చీకటిలో కన్ను అలవాటుపడిన పిదప, ఆ ఎడంలో మిణుకుమిణుకుమనే రవ్వను చూచి తరంగాన్ని గుర్తించేవాడు. వలయాన్ని గోడ దాపునుండి వెనుకకు జరుపుతూ పోగా రవ్వ ఒకచోట హెచ్చి, మరొకచోట పూర్తిగా అణగిపోయేది. వలయాన్ని తిప్పినను అంతే. తరంగం పొడవు సుమారు 9.6 మీటర్లని 1888లో తేల్చాడు. మందిరంలోని ఇనుప పొయ్యిలు తరంగాలను చెదరగొట్టి ఆయనను ఎంతగానో వేధించాయి. లెక్కలో దొర్లిన ఒక పొరపాటును పిమ్మట ఫ్రెంచి గణితజ్ఞుడు పాంకారే ఎత్తిచూపాడు. ఫలితం మాత్రం నిలిచింది.

తొమ్మిదిన్నర మీటర్ల అలకు మూరెడున్నర వలయం ఎట్లు చాలింది? ఇందులోనే కీలకమున్నది. వలయాన్ని తరంగపు కంపనానికి సరిపడునట్లు శ్రుతి చేసినచో, అది చిన్నదైనను స్పందిస్తుంది. 40 మీటర్ల షార్ట్‌వేవ్‌కు సాధారణ ఏరియల్ కట్టవలెనన్న 20 మీటర్ల తీగ కావలె. ఇరుకు స్థలంలో అది సాగదు. మీటరు వలయానికి గ్యాంగ్ కండెన్సరు తగిలించి శ్రుతి చేసిన వినికిడికి చాలును. కాని దీని శ్రుతి మిక్కిలి ఇరుకు. స్టేషను మారినపుడెల్ల మరల త్రిప్పుకొనవలె. అతుకులలో ఏ కొంచెం నిరోధమున్నను శక్తి అక్కడనే హరించుకుపోతుంది. మైపాడు వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలికి రాగి కిలుము పట్టును గనుక అతుకులను గట్టిగా టంకం వేసి, రంగు పూయవలె. ప్రసారానికి వాడునపుడు కండెన్సరు వద్ద వేల వోల్టులు పుట్టును. లైసెన్సు లేక, పెద్దల పర్యవేక్షణ లేక అందుకు పూనుకొనరాదు.

మన పట్టపుపాలెములలో తుపాను హెచ్చరికలు వినిపించిన ట్రాన్సిస్టరు లోపల కూడ ఫెరైట్ కడ్డీకి చుట్టిన ఇట్టి తీగచుట్టే ఉండేది. మీడియం వేవ్‌లో పెట్టెను ఒక ప్రక్కకు త్రిప్పగా ధ్వని సన్నగిల్లుట కార్ల్‌స్రూహెలో రవ్వ అణగుట వంటిదే.

1889లో హెర్ట్జ్ బాన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1892లో వ్యాధి సోకింది, శస్త్రచికిత్సలు ఫలించలేదు. ఆ బాధలోనే యంత్రశాస్త్ర సూత్రాలపై గ్రంథం రచించాడు. 1894 జనవరి 1న కన్నుమూశాడు. గ్రంథం ఆ పిదప వెలువడింది. తన తరంగాలతో వార్తలు పంపవచ్చునని ఆయన భావించలేదు. మరుసటి ఏడే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్, ఇటలీలో మార్కోనీ ఆ దారి పట్టారు.

1930లో అంతర్జాతీయ సంఘం కంపనాల కొలతకు ఆయన పేరు పెట్టింది. ఆ దశకంలోనే నాజీలు అధికారానికి వచ్చి వంశం ఆరా తీశారు. హాంబర్గు నగర భవనంలోని ఆయన చిత్రపటాన్ని తొలగించారు. వృద్ధురాలైన భార్య, ఇద్దరు కుమార్తెలు స్వదేశం విడిచి ఇంగ్లండుకు తరలిపోయారు.