రీవా రాణిగారు

మా విజయనగరం కోట పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకు అప్పలకొండయాంబగారు గుర్తొస్తారు. మూడవ విజయరామ గజపతి కూతురామె. ఎక్కడో వింధ్య కొండల సీమలోని రీవా రాజుకిచ్చి పెళ్లి చేశారు.

తండ్రి 1879లో పోతే, గద్దె అన్నదమ్ముడు ఆనంద గజపతికి వచ్చింది. 1897లో ఆయనా పిల్లల్లేకుండానే కన్నుమూశారు. తోడబుట్టినది బతికే ఉంది. అయినా తల్లి అలకరాజేశ్వరి బంధువుల బిడ్డ చిట్టిబాబుని దత్తత తీసుకున్నారు. ఆ దత్తత కోర్టుకెక్కింది. రాణిగారి కార్యదర్శి ఎవరనుకున్నారు? కన్యాశుల్కం రాసిన మన గురజాడే! ఆ దావా కాగితాలతోనే ఆయనకెన్నో ఏళ్లు గడిచిపోయాయి. 1912లో రాణిగారు పోయారు.

తర్వాత పెళ్లికాని కూతుళ్లకి 1986లో మన రాష్ట్ర చట్టం, పెళ్లయినవాళ్లకి 2005 చట్టం పిత్రార్జితంలో వాటా ఇచ్చాయి. ఇద్దరాడపిల్లల తల్లిని. సంస్థానం కాదు, మాకున్నది అరెకరమే. అయినా లెక్కలో వాళ్లూ ఉన్నారు, చాలు.