పదవి కన్నా మాటకే విలువనిచ్చిన కార్మిక మంత్రి వి.వి. గిరి

దిల్లీకి ఆనుకొని ఉన్న నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ 1995 నుంచి ఒక తెలుగు ప్రముఖుని పేరుతో కొనసాగుతోంది. కార్మిక సంఘాల నుంచి రాష్ట్రపతి భవన్ వరకు ఎదిగిన వరాహగిరి వెంకటగిరి పేరు అది. ఆయన జీవితాన్ని మలుపు తిప్పినవి రెండు రాజీనామాలు. పదిహేనేళ్ల వ్యవధిలో జరిగిన ఆ రెండింటి నేపథ్యంలోనూ బ్యాంకుల ప్రస్తావన ఉండటం విశేషం.

గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. 1913లో న్యాయశాస్త్రం చదివేందుకు డబ్లిన్ వెళ్లిన గిరిని ఐర్లండ్ స్వాతంత్ర్యోద్యమం ఆకర్షించింది. 1916లో స్వదేశానికి తిరిగివచ్చిన ఆయనకు న్యాయవాద వృత్తిలో స్థిరపడే అవకాశం ఉంది. అయినా రైల్వే కార్మికులను సంఘటితపరిచే శ్రమనే ఎంచుకున్నారు. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య వ్యవస్థాపకుల్లో ఒకరిగా, దాదాపు దశాబ్దం పాటు ప్రధాన కార్యదర్శిగా సేవలందించారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభలో భారత కార్మికులకు ప్రాతినిధ్యం వహించారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖను నిర్వహించారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. యజమానులు, కార్మికులు సమాన స్థాయిలో కూర్చుని చర్చల ద్వారా వివాదాలు పరిష్కరించుకోవాలని, నిర్బంధ తీర్పు చివరి మార్గంగానే ఉండాలని ఆయన విశ్వసించారు. అదే ‘గిరి విధానం’గా ప్రసిద్ధి పొందింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించి, వారికి దక్కిన ప్రయోజనాల్లో కోత విధించింది. దానితో ఏకీభవించలేక గిరి మంత్రి పదవిని వదులుకున్నారు. అనంతరం ప్రభుత్వం ఈ అంశంపై కమిషన్‌ను నియమించి, 1955లో దాని సిఫార్సులకు చట్టరూపం ఇచ్చింది.

రాజీనామాతో ఆయన ప్రస్థానం ఆగలేదు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నర్‌గా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మేలో జాకిర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. రూ. 50 కోట్లకు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు జులై 19న ఆయన సంతకంతోనే వెలువడింది. మరునాడే రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగారు. రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో నీలం సంజీవరెడ్డిపై విజయం సాధించారు.

అత్యున్నత పదవి ఆయనకు పరీక్షలనూ తెచ్చింది. 1974 మేలో రైల్వే కార్మికులు దేశవ్యాప్త సమ్మెకు దిగారు. దానికి నాయకత్వం వహించింది ఒకనాడు గిరి నిర్మించిన సమాఖ్యే. ప్రభుత్వం ఆ సమ్మెను కఠినంగా అణచివేసినప్పుడు రాష్ట్రపతి పీఠంపై ఉన్నది ఆయనే. మంత్రిగా రాజీనామాతో నిరసన తెలిపిన నాయకుడు, రాజ్యాంగాధినేతగా మంత్రిమండలి సలహాకు కట్టుబడవలసి వచ్చింది.

1975లో భారతరత్న అందుకున్న గిరి, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. ఆయన అధిరోహించిన పదవులు అనేకం. అయితే కార్మికలోకం ఆయనను గుర్తుంచుకున్నది వదులుకున్న పదవి వల్లనే.