ఆల్బర్ట్ నమట్జిరా: పౌరసత్వం తెచ్చిన శిక్ష

1958లో ఆస్ట్రేలియాలోకెల్లా పేరున్న ఆదివాసీ చిత్రకారుడికి కోర్టు ఆరు నెలల శిక్ష వేసింది. బంధువు చేతికి మద్యం అందేలా చేశారన్నది అభియోగం. అంతకు ఏడాది ముందు వరకూ మద్యం కొనే హక్కు ఆయనకే లేదు. పౌరసత్వంతో పాటే అదీ వచ్చింది.

ఆల్బర్ట్ నమట్జిరా 1902 జులై 28న దేశం నడిబొడ్డున ఉన్న ఎడారి ప్రాంతంలో, ఆలిస్ స్ప్రింగ్స్‌కు పశ్చిమాన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్‌లో పుట్టారు. అరెంటె తెగ. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎలియా; వాళ్లు క్రైస్తవంలోకి మారాక ఆల్బర్ట్ అయ్యారు. బడి, ప్రార్థనలు మిషన్‌లో సాగినా, యుక్తవయసులో తెగ పెద్దలు ఆయన్ను అడవిలోకి తీసుకెళ్లి తమ ఆచారాలు, నేల కథలు నేర్పారు. తెగ కట్టుబాటు కాదని రుబీనాను పెళ్లాడి కొన్నేళ్లు ఊరికి దూరంగా ఉన్నారు. ఒంటెలు తోలారు, కూలి పనులు చేశారు.

ఆ ఒంటెలే దారి చూపాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన రెక్స్ బాటర్బీ అనే చిత్రకారుడు ఎడారిని గీయడానికి వచ్చి, 1934లో మిషన్‌లో తన బొమ్మలు ప్రదర్శించాడు. 1936లో మళ్లీ వచ్చినప్పుడు నమట్జిరా ఆయన వెంట రెండు నెలలు ఒంటెలు తోలారు. ప్రతిఫలంగా నీటిరంగుల పని నేర్చుకున్నారు. రెండేళ్లకే, 1938లో, మెల్‌బోర్న్‌లో ఆయన తొలి ప్రదర్శన జరిగింది. పెట్టిన 41 చిత్రాలూ అమ్ముడయ్యాయి.

మెక్‌డానెల్ కొండల ఊదా నీడలు, ఎర్ర రాళ్లు, తెల్లటి కాండంతో నిలబడే ఘోస్ట్ గమ్ చెట్లు ఆయన బొమ్మల్లో మళ్లీమళ్లీ కనిపిస్తాయి. ముద్రిత ప్రతులు మధ్యతరగతి ఇళ్ల గోడలెక్కాయి. కళా విమర్శకులు మాత్రం యూరప్ శైలికి నకలని పెదవి విరిచారు. ఈ విమర్శ నిలబడేది కాదు. ఆయన గీసింది ఏదో అందమైన దృశ్యాన్ని కాదు, తన పూర్వీకుల కథలు నిండి ఉన్న సొంత నేలను. పరాయి పద్ధతిలో గీసినంత మాత్రాన ఆ నేల పరాయిదైపోదు.

కానీ ఆ నేల మీద ఆయనకు గజం జాగా దొరకలేదు. పశువులు మేపుకునే భూమి లీజుకు అడిగితే దక్కలేదు. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకుంటానంటే ఆదివాసీ కనుక కుదరదన్నారు. ఆదాయపు పన్ను మాత్రం వసూలు చేశారు. 1953లో రాణి పట్టాభిషేక పతకం ఇచ్చారు, మరుసటి ఏడాది కాన్‌బెర్రాలో రాణితో భేటీ కల్పించారు. తిరిగొచ్చి ఆయన బస చేసింది ఊరి బయటి గుడారాల్లోనే.

1957లో నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం ఆదివాసీల జాబితా ఒకటి ప్రకటించింది. అందులో పేరున్నవాళ్లంతా ప్రభుత్వ సంరక్షణలో ఉండాల్సినవాళ్లు. పెద్దవాళ్లయినా చట్టం దృష్టిలో మైనర్లే. నమట్జిరా, రుబీనా పేర్లు అందులో లేవు. అంటే వాళ్లిద్దరూ పూర్తి పౌరులు. పిల్లలు కారు, బంధువులూ కారు. చేతికొచ్చింది నలుగురితో పంచుకోవడం అరెంటెల ధర్మం. మద్యం పంచుకుంటే ఈ చట్టం కింద నేరం. ఒకే మనిషి ఈ రెంటికీ లోబడి బతకడం ఎలాగో జాబితా రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

దేశమంతా నిరసన రేగింది. అప్పీలులో శిక్ష మూడు నెలలకు తగ్గింది; హైకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. జైలుకు బదులు పపున్యా అనే ఆదివాసీ స్థావరంలో రెండు నెలలు గడిపారు. అప్పటికే గుండె జబ్బు. బయటికొచ్చాక కుంచె పెద్దగా పట్టలేదు. 1959 ఆగస్టు 8న, 57వ ఏట, ఆలిస్ స్ప్రింగ్స్‌లో కన్నుమూశారు. అదే పపున్యాలో 1971లో ఎడారి చుక్కల చిత్రకళ మొదలై ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

బొమ్మల హక్కుల కథ ఇంకా సాగింది. 1957 ఒప్పందంతో అవి లెజెండ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ చేతికి వెళ్లాయి. 1983లో ఎస్టేటు బాధ్యత చూసే ప్రభుత్వ ట్రస్టీ, రాయల్టీ కూడా కుటుంబానికి మిగలకుండా, 8,500 డాలర్లకు వాటిని ఆ సంస్థకే పూర్తిగా అమ్మేశారు. వారసులు ఏళ్ల తరబడి పోరాడాక, 2017లో ఒక దాత చొరవతో హక్కులు కుటుంబ ట్రస్టుకు తిరిగొచ్చాయి. కాగితం మీద రాసుకున్న ధర ఒక డాలరు.